రామాంజినమ్మ చేతివాసి

పెనుకొండ,
4 ఫిబ్రవరి 2024

అమ్మీ పవిత్రా,

జాబు మొదట్లో మేము క్షేమం అని రాయాలని రాత్రిబడిలో నేర్పించినారు. నేను రాయను. నువ్వు బిడ్డను ఎత్తుకొని హిందూపురం బస్సెక్కినప్పటి నుంచి నాకు క్షేమం లేదు. మీ నాయన మాత్రం క్షేమంగానే ఉన్నాడు. గొర్రెలు, ఆయన, పూట పూటకూ ఇంత ముద్ద. ఆయనకేం.

ఫోన్‌లో నీ మాట నా చెవికి అందదు. చెవి దగ్గర పెట్టుకుంటే మంద మధ్యలో నిలబడినట్టు ఉంటుంది. మీ నాయన విని చెప్తాడు గానీ నువ్వు అర్ధగంట మాట్లాడితే ఆయన నోట్లో నుంచి రాలేది ఒక్కటే మాట, "బాగుండారంట." అంతే. అందుకే ఈ జాబు. ఉలిగప్ప టెంపోలో చింతపండు వేసుకొని వారం వారం హిందూపురం మార్కెట్టుకు వస్తాడు కదా, ఆయన చేతికిచ్చి పంపిస్తున్నా. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు. అక్షరాలు లావుగా రాయి.

సుధకు నీళ్ళు ఎవరు పోస్తున్నారు? ఈ మాట అడగడానికే జాబు మొదలుపెట్టినా. మూడో నెల నిండీ నిండకముందే పోతానన్నావు. ఐదో నెలలో పోదువులే అంటే వినలేదు. నేనేమన్నా తక్కువ చేసినానా? పథ్యం తప్పినానా? ఈ పెనుకొండలో నా చేత నీళ్ళు పోయించుకోని బిడ్డ ఏ వీధిలో ఉంది చెప్పు. రెడ్ల ఇండ్ల వాళ్ళు కూడా మనిషిని పంపించి పిలిపించుకుంటారు. నా చేతివాసి అటువంటిది. అటువంటిది నా సొంత మనవరాలికి హిందూపురం బాడుగ ఇంట్లో ఎవరు పోస్తున్నారో తెలియకుండా నేను ఈడ కూర్చున్నా.

ఆ ఇంట్లో ఫ్యాను కింద బిడ్డను పండబెట్టొద్దు. వైర్లు కిందికి వేలాడుతుంటాయి, అల్లుడికి చెప్పి పైకి కట్టించు. దోమల చుట్ట పొగ వద్దు. పిల్లి ఉందన్నావు, తలుపు వేసుకో. నీళ్ళు మరీ కాగినవి వద్దు, చల్లవీ వద్దు.

మేలో నువ్వు మళ్ళీ గార్మెంట్స్ పనికి పోవాల కదా. అప్పుడు సుధను నా దగ్గర విడిచిపెట్టు. ఇప్పటి నుంచే చెప్తున్నా, మనసులో పెట్టుకో. ఇంకెవరి మాటా వినొద్దు.

అల్లుడు రమేష్‌ను అడిగినట్టు చెప్పు.

నిద్ర పట్టని మీ అమ్మ,
రామాంజినమ్మ

*

హిందూపురం,
12 ఫిబ్రవరి 2024

అమ్మా,

నీకూ నాయనకూ దండాలు. లావుగా రాస్తున్నా, కనపడకపోతే నాయన చేత చదివించుకో. వైర్లు పైకి కట్టించినాం. పిల్లి ఇంటిది కాదు, వీధిది.

సుధకు నేనే నీళ్ళు పోస్తున్నా. నీకు అబద్ధం రాయలేను, సరిగా పోయలేకపోతున్నా. నీళ్ళు తగలగానే చేతులు రెండూ పైకి ఎగరేసి గుక్కపెట్టి ఏడుస్తుంది. మొదటి రోజు సబ్బు చేతుల్లో నుంచి బిడ్డ జారిపోతుందేమోనని భయపడినా. ఈయన పక్కన నిలబడి "మెల్లిగా, మెల్లిగా" అంటుంటే ఇంకా భయం వేసింది. నీ కాళ్ళ మీద ఉన్నప్పుడు బిడ్డ ఒక్కసారీ ఏడవలేదు. నువ్వు ఏం చేస్తావమ్మా? నేను తువ్వాలు పట్టుకొని పక్కనే నిలబడి రోజూ చూసినా. చూసింది ఏదీ నా చేతికి రాలేదు.

ఇక్కడ మా వీధి చివర అంగన్‌వాడీలో శుక్రవారం శుక్రవారం అమ్మలంతా కూర్చుంటారు. చిన్న బిడ్డల తల్లులే అందరూ. ఎవరికి తెలిసింది వాళ్ళు మిగతావాళ్ళకు చెప్పాలి, అదే పద్ధతి. నర్సు మమత కూడా వస్తుంది. నేను పోయి వెనక గోడకు ఆనుకొని కూర్చున్నా. మడకశిర వైపు నుంచి వచ్చిన ఈశ్వరక్క అని ఒకామె ఉంది, ముగ్గురు బిడ్డల తల్లి. "ముందుకు రామ్మా, నీకు తెలిసింది చెప్పు" అని పిలిచింది. నాకేమీ తెలీదక్కా అన్నా. "అయితే ఏం తెలీదో అది చెప్పు. అదీ ఒక తెలివే" అనింది. అప్పుడు అందరి ముందర చెప్పేసినా, నా బిడ్డకు నీళ్ళు పోయడం నాకు రాదు అని. చెప్పినాక ఎందుకో భారం దిగినట్టు అయింది.

నువ్వు చేసేది ఏమిటో ఒక జాబులో రాయి.

నీ కూతురు,
పవిత్ర

*

పెనుకొండ,
18 ఫిబ్రవరి 2024

అమ్మీ పవిత్రా,

నీ జాబు నేనే చదువుకున్నా. మీ నాయన చేత చదివించుకోలేదు. చదివించుకుంటే నా ముఖం ఆయన చూస్తాడు.

ఈశ్వరి ఎవరు? ఎవరింటి మనిషి? ముగ్గురు బిడ్డల తల్లి అని రాసినావు. ముగ్గురికి పోస్తేనే అంత తెలిస్తే, ఊరికంతా పోసినదాన్ని నేనేం కావాల? ఏం తెలియదో అది నలుగురిలో చెప్పుకునేది తెలివంట. మా కాలంలో దాన్ని సిగ్గు అనేవాళ్ళు. చిన్నప్పుడు కండక్టరును చిల్లర అడగడానికి కూడా నా కొంగు వెనక దాక్కునేదానివి. అటువంటిదానివి నలుగురిలో నిలబడి మా అమ్మ నాకేమీ నేర్పించలేదని చెప్పుకొచ్చినావు. అట్లా అనలేదని రాస్తావు. నాకు అట్లానే వినపడింది.

నేను ఏం చేస్తానో జాబులో రాయమన్నావు. అది రాస్తే వచ్చేది కాదమ్మీ. చేతివాసి అంటారు దాన్ని. కొందరు చెట్టు నాటితే బతుకుతుంది, కొందరు నాటితే ఎండుతుంది, ఎందుకంటే ఏం చెప్తావు? బిడ్డను తీసుకొని రా, నేను పోస్తా. అంతే దానికి జవాబు.

ఇంకొక మాట. నన్ను అడిగిన మాటనే ఆ ఆడవాళ్ళనూ అడిగినావు కదా. నాకన్నా ముందు అడిగినావా, తర్వాత అడిగినావా? అది రాయి.

ఇదంతా మీ నాయనకు చెప్పుకుంటే ఏమన్నాడో చూడు. "ఏమే, కొత్తగా ఈనిన గొర్రె పిల్లను మనం ఊరికే ఎత్తుకోగూడదు. మన చెయ్యి వాసన పట్టిందంటే తల్లి దాన్ని కాళ్ళతో తన్ని తరుముతాది. మందలో నేను ఎన్ని చూడలే." నేను బిడ్డ మాట మాట్లాడితే ఆయన గొర్రె మాట మాట్లాడతాడు. ఇట్లాంటి మనిషితో బతుకుతున్నా.

డబ్బాలో సున్నిపిండి పంపిస్తున్నా. పెసలు నేనే ఎండబెట్టి విసుర్రాతిలో విసిరినా, మిషనుకు వేయలేదు. సుధ ఒంటికి మాత్రమే. మూత గట్టిగా పెట్టు, తేమ తగిలితే పురుగు పడుతుంది. ఎండాకాలం వస్తోంది, ఆ బాడుగ ఇల్లు రేకుల ఇల్లు కాదు కదా?

మీ అమ్మ,
రామాంజినమ్మ

*

హిందూపురం,
3 మార్చి 2024

అమ్మా,

రేకుల ఇల్లు కాదు, మిద్దె. నువ్వు చూసినావు కదా.

అడిగినావు కాబట్టి రాస్తున్నా. ముందు వాళ్ళనే అడిగినా. నీ జవాబు రావడానికి వారం పడుతుంది, సుధ రోజూ ఏడుస్తుంది. దీంట్లో ముందేముంది, వెనకేముంది?

సంతోషమైన మాట చెప్తా. సుధ ఏడుపు మానేసింది. శుక్రవారం ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెప్పినారు. ఒకామె కిటికీ గాలి తగులుతోందేమో చూడమనింది. ఒకామె పాలు తాగిన వెంటనే పోయొద్దనింది. ఇంకొకామె పొట్ట మీద పలచని గుడ్డ తడిపి కప్పి, ఆ గుడ్డ మీద నీళ్ళు పోయమనింది. అన్నీ కలిపి ఇంటికొచ్చి చేసినా. ఈశ్వరక్క తోడు వచ్చింది. వచ్చి చేతులు కట్టుకొని గడప మీద కూర్చునింది. సుధ ఏడవడం మొదలుపెడితే అక్కా పట్టుకో అన్నా. "నేను ముట్టుకోను. నీ బిడ్డ, నీ చెయ్యి. నేను యాడికీ పోను, ఈడనే ఉంటా, నీళ్ళు పొయ్యి" అనింది. సుధ మొదట ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. మెల్లిగా ఇద్దరమూ ఊరుకున్నాం. ఇప్పుడు స్నానంలో కాళ్ళు ఆడిస్తుంది.

చెవుల్లో, ముక్కులో నూనె వేయడం మానేసినా. సాంబ్రాణి పొగ కూడా బిడ్డ ఊపిరికి మంచిది కాదని మమత చెప్పింది. నీ సున్నిపిండి చాలా మెత్తగా ఉంది. శుక్రవారం తీసుకొని పోతే అందరూ వాసన చూసి మెచ్చుకున్నారు, ఐదుగురికి పంచినా. ఎట్లా చేస్తారని అడిగితే నాకు తెలిసినంత చెప్పినా. వచ్చే శుక్రవారం కొత్తగా ఒక తల్లి వస్తుందంట, ఆమెకు నీళ్ళు పోసేది నన్నే చూపించమన్నారు. నన్ను, అమ్మా. నీకు నవ్వు రాలేదా?

నీ కూతురు,
పవిత్ర

*

పెనుకొండ,
10 మార్చి 2024

పవిత్రకు,

నవ్వు రాలేదు.

బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే చేతులు కట్టుకొని గడప మీద కూర్చునే ఆడమనిషిని నేను ఇంతవరకు చూడలేదు. అది గొప్ప అని నువ్వు రాస్తున్నావు. నేను అయితే పరుగెత్తుకొని వచ్చి అందుకునేదాన్ని. మూడు నెలలు అందుకున్నా. దానికి ఇప్పుడు పేరు లేదు. ముట్టుకోనిదానికి పేరు వచ్చింది.

సున్నిపిండి నా మనవరాలికి చేసింది. పొద్దంతా పిట్టల్ని తోలుకుంటూ ఎండబెట్టినా. ఐదుగురికి పంచినావంట. ఐదు ఇండ్ల కండ్లు ఆ డబ్బా మీద పడినాయి. సుధకు ఒళ్ళు వెచ్చబడితే నన్ను అడగొద్దు. ఆ శుక్రవారం వాళ్ళనే అడుగు. వాళ్ళకు అన్నీ తెలుసు కదా. దిష్టి తీసేదానికి కూడా నర్సును అడుగు.

పొగ మానేసినావు, నూనె మానేసినావు. రేపు అవ్వను కూడా మానేయమని చెప్తారు. నీకు నేను ముక్కులో నూనె వేసే పెంచినా. ముక్కు బాగానే ఉంది కదా, బాగా ఎత్తుగానే ఉంది ఇప్పుడు.

మన పక్క సందులో శోభారాణి కాన్పు అయింది. మగబిడ్డ. వాళ్ళ అత్త వచ్చి "రామాంజినమ్మా, నీ చెయ్యి పడాల" అని నన్నే పిలిచింది. రోజూ పోతున్నా. ఆ పిల్లకు ఏ బాధా లేదు, తువ్వాలు పట్టుకొని పక్కన నిలబడితే చాలు, అంతా నేనే. నా విలువ తెలిసిన ఇల్లు అది.

ఇది రాస్తుంటే రొమ్ము ఎడమ పక్కన పొడిచినట్టు ఉంది. వాయువో, ఇంకేమో. నీకు భయపడాల్సిన పని లేదు. ఒక్క మాటకు మాత్రం జవాబు రాయి. ఉగాదికి బిడ్డను తీసుకొని వస్తావా? మేలో బిడ్డను నాకు ఇస్తావా, ఇయ్యవా?

మీ అమ్మ

*

హిందూపురం,
24 మార్చి 2024

అమ్మా,

ముందు నొప్పి సంగతి. నాయనకు ఫోన్ చేస్తే "అది జాబు రాసిన రోజే ఉండె, మర్నాడు పొద్దున్నే జొన్నరొట్టెలు తినె" అన్నాడు. అయినా ఆసుపత్రికి పోయి చూపించుకో. నవ్వులాటకు రాయడం లేదు.

సుధకు ఒళ్ళు వెచ్చబడలేదు. బాగుంది. బోర్లపడుతోంది.

నువ్వు అడిగినదానికి జవాబు రాయాలి. నాలుగు కాగితాలు రాసి చించినా. మేలో సుధను పెనుకొండకు పంపను అమ్మా. మా శుక్రవారం వాళ్ళలో పనికి పోయేవాళ్ళం, ఇంట్లో ఉండేవాళ్ళం కలిసి మాట్లాడుకున్నాం. నేను పనికి పోయినప్పుడు ఈశ్వరక్క దగ్గర సుధ ఉంటుంది, నాకు సెలవు ఉన్నప్పుడు ఆమె చిన్నోడు నా దగ్గర. సాయంత్రం నేను వచ్చేసరికి బిడ్డ నా కండ్ల ముందర ఉండాలి. పెనుకొండలో ఉంటే వారానికి ఒకసారి చుట్టాన్ని చూసినట్టు చూడాలి.

ఉగాదికి రావడం కుదరదేమో. ఏప్రిల్ మొదట్లో ధర్మవరంలో అమ్మల మీటింగు ఉందంట, చాలా ఊర్ల వాళ్ళు వస్తారు. మా గుంపు నుంచి ఒకరు మాట్లాడాలి. నా పేరు అనుకుంటున్నారు. నేను పోతానో లేదో ఇంకా తెలియదు.

కోపం చేసుకోవద్దు.

పవిత్ర

*

పెనుకొండ,
7 ఏప్రిల్ 2024

పవిత్రకు,

ఎల్లుండి ఉగాది. ఇంట్లో ఏమీ చేయడం లేదు.

నరసింహులు రైల్వే స్టేషన్లో శనక్కాయలు అమ్ముతాడు, నీకు తెలుసు. నిన్న సాయంత్రం వచ్చి మన అరుగు మీద కూర్చొని "ఏమక్కా, నీ కూతురు ధర్మవరం రైల్లో పోతాండె. బిడ్డ చంకన ఉండె. తలుపు కాడ నిలబడి నవ్వుతాండె. దిగుతుందేమో అనుకుంటి, దిగలే" అన్నాడు. నేను అది నా కూతురు కాదన్నా. "నాకు తెలీదా అక్కా, చిన్నప్పటి నుంచి చూడలేదా" అన్నాడు. అవును, వాడికి తెలుసు. నాకే తెలియలేదు.

రైలు మన ఊర్లో ఆగింది. నువ్వు తలుపు దగ్గరే నిలబడినావు. ఒక్క అడుగు కిందికి పెట్టలేదు. చెప్పి ఉంటే నేను స్టేషన్‌కు వచ్చి కిటికీలో నుంచి అయినా బిడ్డ కాలు పట్టుకునేదాన్ని. ఆ ఈశ్వరి పక్కన ఉందా? ఉండే ఉంటుంది. ఆమె పక్కన ఉంటే అమ్మ ఊరు కూడా ఒక స్టేషనే.

ఇంకొకటి. ఉలిగప్ప చెల్లెలు ధర్మవరంలో ఉంది, ఆమె కూడా ఆ మీటింగుకు పోయిందంట. నువ్వు మైకు పట్టుకొని నా మాట చెప్పినావంట. అందరూ పడీ పడీ నవ్వినారంట. ఉలిగప్ప నాకు చెప్తూ చెప్తూ తనూ నవ్వినాడు. ముక్కులో నూనె మాట చెప్పినావా? పొగ మాటనా? దిష్టి మాటనా? అంతమందిలో అమ్మను నవ్వులపాలు చేయడానికి ఇంత ధైర్యం వచ్చింది నీకు. ఆ ధైర్యం నేర్పించినవాళ్ళకు నా దండాలు చెప్పు.

రెండు నెలల నుంచి నేను రాసిన జాబులు ఉంటే చించెయ్యి. వాటిని కూడా శుక్రవారం తీసుకొని పోతావేమో.

రామాంజినమ్మ

*

హిందూపురం,
14 ఏప్రిల్ 2024

అమ్మా,

ఈ జాబు పూర్తిగా చదువు. మధ్యలో మడిచి పెట్టొద్దు.

రైల్లో నేనే. నరసింహులు మామ చెప్పింది నిజం. పెనుకొండ వచ్చేముందే లేచి తలుపు దగ్గరికి పోయినా. సుధకు కొండ చూపించి, అదిగో మీ అవ్వ ఊరు అని చెప్పినా. అది కొండను చూడలేదు, శనక్కాయల బుట్టను చూసింది. నేను నవ్వింది అందుకే.

ఎందుకు దిగలేదో కూడా రాస్తా. దిగితే నువ్వు చేతులు చాస్తావు. సుధ నీ చేతుల్లోకి దూకుతుంది. నేను పక్కన నిలబడిపోతా. ఆ రోజు నేను మైకు ముందర నిలబడాల. పక్కన నిలబడేదాన్నయి ధర్మవరానికి పోతే నా నోట్లో నుంచి మాట రాదని భయం వేసింది.

అక్కడ నేను ఏం చెప్పినానో రాస్తున్నా. ముక్కు మాట చెప్పలేదు, పొగ మాట చెప్పలేదు. ఇట్లా చెప్పినా. "మా అమ్మ కాళ్ళ మీద పండుకుంటే నా బిడ్డ ఏడవదు. నా కాళ్ళ మీద ఏడుస్తుంది. పుట్టింట్లో మూడు నెలలు నేను తువ్వాలు పట్టుకొని నిలబడినా. బిడ్డ మా అమ్మ ముఖం చూసి నవ్వుతుంటే నాకు కుళ్ళు పుట్టేది. కన్నది నేను, నవ్వు ఆమెకు. ఒకరోజు బిడ్డ ఒక్కసారైనా మా అమ్మ చేతిలో ఏడిస్తే బాగుండు అని దేవునికి మొక్కినా."

అక్కడే నవ్వినారమ్మా. నిన్ను చూసి కాదు. ఒక ముసలామె ముందు నవ్వింది, తర్వాత ఒక చిన్న పిల్ల నవ్వింది, తర్వాత హాలంతా. "నేనూ మొక్కినా", "నేను అత్త మీద మొక్కినా" అని ఒకరి మీద ఒకరు అరుస్తున్నారు. ఈ పాపం నాకు ఒక్కదానికే అంటుకుందని అనుకుంటూ ఉన్నా. మూడో నెలలోనే నీ దగ్గర నుంచి వచ్చేసింది దానికే. నువ్వు ఏమీ తక్కువ చేయలేదు. నాకు చేయడానికి ఏమీ మిగల్చలేదు.

శుక్రవారం అమ్మలు నీకన్నా ఎక్కువ తెలిసినవాళ్ళు అని కాదు. వాళ్ళు చెప్పి నాకు వదిలేస్తారు. నేను తప్పు చేస్తే మళ్ళీ చెప్తారు. ఇప్పుడు పని నా చేతికి వచ్చింది. అంతే.

ఇది చదివి నీకు కోపం వస్తే రానీ. కానీ నిన్ను నవ్వులపాలు చేసినానని మాత్రం అనుకోవద్దు. నీ జాబులు చించలేదు.

సుధ తల్లి,
పవిత్ర

*

పెనుకొండ,
5 మే 2024

అమ్మీ పవిత్రా,

ఉలిగప్ప రెండుసార్లు వచ్చి "జాబు ఉండాదా అక్కా" అని అడిగి ఉత్త చేతులతో పోయినాడు. రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడలేదు. ఎండలు కూడా అట్లా ఉన్నాయి. బిడ్డకు నీళ్ళు మరిగించి చల్లార్చి తాపిస్తున్నావు కదా? ఆరో నెల నిండింది కాబట్టి అడుగుతున్నా. సరే, నీకు తెలుసులే.

ఉన్నది ఉన్నట్టు రాస్తా. నువ్వు నా మీద కుళ్ళుకున్నావని చదివినప్పుడు ముందు నాకు సంతోషమైంది. సిగ్గులేని మాట, అయినా నిజం. ఆ ఈశ్వరి మీద నేను ఎట్లా మండుతున్నానో, నువ్వు నా మీద అట్లా మండినావు. అంటే నా చేతిలో ఏదో ఉందనే కదా అనుకున్నా. ఆ సంతోషంతోనే శోభారాణి ఇంటికి నీళ్ళు పోయడానికి పోయినా.

ఆ పిల్ల తువ్వాలు పట్టుకొని నిలబడి ఉంది. రోజూ నిలబడేచోటే. నేను రోజూ బిడ్డను చూస్తాను గానీ ఆ పిల్ల ముఖం ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూసినా. అది శోభారాణి ముఖం కాదమ్మీ, నీ ముఖం. పెదవి లోపలికి పెట్టుకొని, నవ్వినట్టు, నవ్వనట్టు. మూడు నెలలు నా పక్కన నువ్వు అట్లానే నిలబడినావా?

నేను పీట మీద నుంచి లేచినా. "రామ్మే, నువ్వు కూర్చో" అన్నా. "నాకు రాదు అవ్వా" అనింది. వాళ్ళ అత్త వచ్చి "ఏం రామాంజినమ్మా, మోకాళ్ళు నొస్తాండాయా?" అని అడిగింది. నొస్తున్నాయనే చెప్పినా. ఆ పిల్ల కాళ్ళు చాపుకుంటే బిడ్డను పండబెట్టినా. నీళ్ళు పడగానే వాడు చేతులు ఎగరేసి గుక్క మొదలుపెట్టినాడు. నా చేతులు ముందుకు పోయినాయి. ఎట్లా ఆపుకున్నానో నాకే తెలుసు. చేతులు కట్టుకొని కూర్చోవడం అంత కష్టమని నాకు తెలియదు. ఆ ఈశ్వరి కూడా ఊరికే కూర్చోలేదులే.

అప్పుడు చెప్పినా. ఎవరికీ చెప్పనిది. నీకు కూడా చెప్పనిది.

ఇప్పుడు నీకూ రాస్తున్నా. నీళ్ళు పోసేముందు నా చీర కొంగు కొస తడిపి బిడ్డ పిడికిట్లో పెడతా. చిన్న బిడ్డ ఏదన్నా పట్టుకుంటే పడిపోతానని భయపడదు. చెయ్యి ఎగరేయదు. భయం లేకపోతే ఏడుపు లేదు. పైన నా చెయ్యి అడ్డం ఉంటుంది కాబట్టి ఎవరికీ కనపడదు. మా అవ్వ నాకు చూపించింది. అంతే. అదే రామాంజినమ్మ చేతివాసి.

శోభారాణి తన కొంగు కొస పెట్టింది. వాడు పట్టుకున్నాడు. ఒకసారి వెక్కి ఊరుకున్నాడు. ఆ పిల్ల తన చేతులను తనే చూసుకుంది. తర్వాత నన్ను చూసి "ఇంతేనా అవ్వా?" అనింది.

ఆ మాటకే నేను ఇన్నేండ్లు భయపడింది. ఇంతేనా అంటారని. ఊర్లో నా పేరంతా ఒక తడిసిన కొంగు కొస మీద నిలబడి ఉందని తెలిస్తే, రేపు నన్ను ఎవరు పిలుస్తారు? నువ్వు జాబులో అడిగినప్పుడు రాయడానికి ఎంతసేపు? రెండు ముక్కలు. రాస్తే నువ్వు బిడ్డను తీసుకొని రావని రాయలేదు. రాయకపోయినా నువ్వు రాలేదు. బిడ్డ పొట్ట మీద తడి గుడ్డ కప్పి నీ దారి నువ్వు చూసుకున్నావు.

"ఇంతే" అని శోభారాణికి చెప్పినా. ఇంటికి వచ్చి ఏడ్చినా. మర్నాడు పొద్దున ఆ పిల్ల మన గడప దగ్గర నిలబడి ఉంది, చెయ్యి పట్టుకొని ఇంకొక బాలింతను తెచ్చింది. "అవ్వా, ఈమెకూ చూపించు. నేను చెప్తే నమ్మలేదు" అనింది. ఆ వచ్చినామె నాకు తెలియనిది ఒకటి చెప్పింది, బిడ్డకు కడుపుబ్బరం వస్తే కాళ్ళు ఎట్లా మడిచి ఆడించాలో. నేను చేసి చూసినా. పని చేసింది. ఎవరి దగ్గర నేర్చుకున్నావు అంటే "ధర్మవరం మీటింగులో, హిందూపురం వాళ్ళు చెప్పినారు" అనింది. ఆ హిందూపురం వాళ్ళు ఎవరని నేను అడగలేదు.

మీ నాయన చెప్పిన గొర్రె మాట ఇప్పుడు అర్థమైంది. ఆయనకు మాత్రం చెప్పను. చెప్తే మీసం తిప్పుతాడు.

సుధను మేలో ఇయ్యమని ఇంక అడగను. ఈశ్వరి దగ్గరే ఉండనీ. నాకు ఇష్టమై కాదు. సాయంత్రానికి బిడ్డ నీ కండ్ల ముందర ఉండాలన్నావు కదా, ఆ మాట నాకు తెలుసు, నేను నిన్ను ఎవరికీ ఇయ్యలేదు. కొంగు మాట మీ శుక్రవారం వాళ్ళకు చెప్పు. ఈశ్వరికి కూడా చెప్పు, కానీ చివర చెప్పు. మళ్ళీ మైకు పట్టుకుంటే పెనుకొండ రామాంజినమ్మ చెప్పింది అని ఊరి పేరుతో చెప్పు. నవ్వినా పరవాలేదు.

ఒక సెలవు రోజు చూసుకొని రండి. ఈసారి రైలు దిగు. పీట కడిగి పెడతా. నువ్వు కూర్చో, నీ కాళ్ళ మీద సుధ, నీ కొంగు దాని పిడికిట్లో. నేను పక్కన తువ్వాలు పట్టుకొని నిలబడతా. అది ఏడిస్తే నా వైపు చూడొద్దు, నేను ముట్టుకోను.

నీళ్ళ వేడి మాత్రం నేనే చూస్తా. అది ఎవరికీ ఇయ్యను.

తువ్వాలు పట్టుకునే మీ అమ్మ,
రామాంజినమ్మ